బొమ్మి కుడి అరికాలు

మా వీథిలో ఎవరినైనా ఆపి బొమ్మి ఎవరని అడిగితే, "పూక్కుళిలో కాలు కాల్చుకునిందే, ఆమెనా?" అంటారు. పూక్కుళి అంటే మారియమ్మన్ గుడి ముందు నిప్పులు పరిచి తొక్కే గుంట. ఇరవై ఏళ్లు ఆ వీథిలో కాపురం చేసిన మనిషికి మిగిలిన పేరు అదొక్కటే. ఆమె ఎట్లా వండేదో, ఎట్లా పనిచేసేదో ఎవరూ చెప్పరు. కాలు ఎందుకు కాలిందో మాత్రం అందరికీ తెలుసట. నిజానికి ఒక్కరికీ తెలియదు. నాకు తెలుసు.

బొమ్మి పుట్టిల్లు మంసాపురం. వరి కోతల్లో పెరిగిన పిల్ల. మా పక్కింటి శంకరియమ్మాళ్ కొడుకు మాధవన్‌కు ఇచ్చారు. వాళ్లకీ మాకూ మధ్య ఒకటే గోడ. ఆ ఇంట్లో గరిటె కిందపడితే మా ఇంట్లో పిల్లి లేస్తుంది. మాధవన్ ఒక మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్. లారీ వస్తే లేచి, లారీ పోతే కూర్చునే ఉద్యోగం. నోట్లో తాంబూలం లేకపోయినా ఉన్నట్టే ఉంటాడు, ఏమడిగినా "ఊ" తప్ప మాట రాదు. ఆ "ఊ" అవుననో కాదనో తల్లి చెప్పాలి. పిల్లలు పుట్టలేదు. దానికి ఎవరు కారణమో ఏ ఆస్పత్రిలోనూ చూపించుకోలేదు కానీ, శంకరికి మాత్రం పెళ్లయిన రెండో ఏడే తెలిసిపోయింది.

బొమ్మి పని బ్యాండేజీ గుడ్డ షెడ్డులో. గాయాలకు చుట్టే పలచని గుడ్డ మా చుట్టుపక్కలే నేస్తారు. మగ్గం మీద నుంచి దిగినప్పుడు అది మట్టిరంగులో ఉంటుంది. ఉడకబెట్టి, మందునీళ్లలో ముంచి, నాలుగు తొట్లలో ఉతికితేనే తెల్లబడుతుంది. ఆ ఉతికే చోట పదిహేనుమంది ఆడవాళ్లు. నేల మీద ఎప్పుడూ నీళ్లే. చెప్పులు జారతాయని అందరూ వట్టికాళ్లతోనే తిరుగుతారు. బొమ్మి తడి మూట నెత్తిన పెట్టుకుని ఆ నేల మీద పరుగెత్తేది. సూపర్వైజర్ ఆరోక్కియరాజ్ "మెల్లగా, మెల్లగా" అని అరిచేవాడట.

ఐప్పసి నెల, దీపావళి వానల్లో ఒకరోజు ఆమె కుడికాలు ఈడ్చుకుంటూ ఇంటికి వచ్చింది.

"ఏమే, కాలు ఏమయ్యింది?" అన్నాను.

"ముల్లేమో పెద్దమ్మా. కింద పెడితే సురుక్కంటా ఉండాది."

కూర్చోబెట్టి చూశాను. బొటనవేలి కింద, బరువు పడే చోట, కందిగింజంత బిరుసు మచ్చ. నాకు పాదాల సంగతి తెలుసనుకునేదాన్ని. ముప్పై నాలుగేళ్లు మిల్లులో నిలబడి దారం చుట్టినదాన్ని. నా కాళ్లకు వచ్చినన్ని ఆనెకాయలు ఈ వీథిలో ఎవరికీ రాలేదు, అన్నీ నేనే కోసుకున్నాను.

"ముల్లూ లేదు, గిల్లూ లేదు. ఆణి ఇది," అన్నాను. ఆనెకాయను మేము ఆణి అంటాం. "రెండు నిమిషాల పని. కళ్లు మూసుకో."

బ్లేడు తెచ్చి కోశాను. ఆనెకాయ కోస్తే నెత్తురు రాదు, మైనం చెక్కినట్టు ఊడుతుంది. దీనికి నెత్తురు కారింది. లోపల ఆవగింజల కంటే చిన్న నల్లచుక్కలు కనిపించాయి. అప్పుడైనా నాకు అనుమానం రావాలి. రాలేదు. "వేరు తెలుస్తా ఉండాది చూడు," అని గొప్పగా చెప్పి, పసుపు అద్ది పంపించాను.

తై నెల, సంక్రాంతి వచ్చేసరికి ఆ ఒక్కటి నాలుగైంది. నాలుగూ ఒకదాన్నొకటి ఆనుకుని ఒక గుంపు. బొమ్మి మడమ మీదే నడిచేది. శంకరి మూడు మంగళవారాలు కోడలి చేత గుడిలో ఉప్పూ మిరియాలూ పోయించింది. ఉప్పు కరిగినట్టు కాలి మీదది కరుగుతుందని మా నమ్మకం. ఉప్పు కరిగింది.

చివరికి నేనే ఆస్పత్రికి తీసుకుపోయాను. తోలు జబ్బులకు అక్కడ శుక్రవారం చూస్తారు. డాక్టరు పేరు అర్చన, మన ఊరి పిల్లే, ఈ తమిళ ఊళ్లో మన తెలుగే మాట్లాడుతుంది. కాలు ఒళ్లోకి తీసుకున్నట్టే తీసుకుని, ముందు ఆ మచ్చ మీద నేరుగా నొక్కింది. బొమ్మి కొంచెం మూలిగింది. తరవాత రెండు పక్కలా పట్టి గిల్లినట్టు పిసికింది. బొమ్మి కేక బయట వరసలో కూర్చున్నవాళ్లకు వినబడింది.

"చూసినారా అవ్వా? పైన నొక్కితే ఎక్కువ నొప్పిగా ఉండేది ఆణి. పక్కల పిసికితే ప్రాణం పోతాదే, అది పులిపిరి. ఇది పులిపిరి," అంది.

"పులిపిరా? అది చేతి మీద, మెడ మీద గదా వస్తాది?"

"అరికాలికీ వస్తాది. ఒంటి బరువంతా పడి లోపలికి అణిగిపోతాది, అందుకే ఉబ్బెత్తుగా కనబడదు. ఇదిగో, తోలు గీతలు చూడండి. ఆణి మీద గీతలు పోతా ఉంటాయి. ఇక్కడ పక్కకు తిరిగిపోయినాయి. ఈ నల్లచుక్కలు వేరు కాదు, సన్న నెత్తురు నాళాలు, గడ్డ కట్టినాయి." తరవాత కళ్లజోడు పైనుంచి చూసింది. "దీన్ని ఎవరు కోసినారు?"

నేను ఫ్యాను వైపు చూశాను.

"నేనే కోసుకున్నాను మేడం," అంది బొమ్మి.

"బాగా చేసినావు. ఇది కంటికి కనబడని క్రిమితో వచ్చేది. తడినేల మీద నానిన కాలికి ఎక్కడ చిన్న చీలిక ఉన్నా దూరతాది. నువ్వు కోసి దానికి నాలుగు వాకిళ్లు తెరిచినావు. ఆ బ్లేడు ఇంకెవరికీ వాడలేదు గదా?"

ఆ బ్లేడు మా ఇంటి గూట్లో ఉంది. ఆ సాయంత్రమే పారేశాను. నాకు బదులుగా చీవాట్లు తిన్న బొమ్మి బస్సులో ఆ మాట ఎత్తనే లేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తి ఉండాల్సింది.

మందు పెద్ద విచిత్రమేమీ కాదు. రోజూ సాయంత్రం పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో కాలు పెట్టాలి. తెల్లగా నానిన పైతోలును రాయితో మెల్లగా రుద్దాలి, ఆ రాయి ఇంకెవరూ ముట్టకూడదు. ఆ పైన పుల్లతో మందు చుక్క, పులిపిరి మీద మాత్రమే, చుట్టూ వ్యాసలీను. మీద ప్లాస్టరు. పుండులా ఎర్రబడితే మందు ఆపి, తోలు మానేదాకా కాచుకోవాలి. ఇట్లా మూడు నెలలు, ఇంకా ఎక్కువైనా పట్టవచ్చు. రెండు వారాలకొకసారి వస్తే తనే పైన చెక్కుతానంది. "కొందరికి ఏడాది రెండేళ్లకు దానంతట అదే పోతాది. నీది నడవనివ్వడం లేదు గనక మందు వేస్తా ఉండాము. పనిలో రబ్బరు చెప్పులు వేసుకో. ఇంట్లో నీళ్ల గదిలో కూడా. ఇంట్లో షుగరు వాళ్లు ఉంటే వాళ్లు ఈ మందు ముట్టకూడదు, కాలు పుండైపోతాది," అని మరీ మరీ చెప్పింది.

రెండు వారాలకొక శుక్రవారం అరపూట లీవు. షెడ్డు నుంచి బస్సు ఆగే చోటు మైలు దూరం. ఆ కాలితో ఆమె చేరేసరికి తళవాయిపురం నుంచి వచ్చే బస్సు పోయి ఉండేది. ఆరోక్కియరాజ్ శుక్రవారాల్లో శాంపిల్ గుడ్డ పార్సెల్ వేయడానికి బండి మీద టౌనుకు వచ్చేవాడు. "ఎక్కమ్మా, ఆస్పత్రి దగ్గర దింపతాను," అన్నాడు. సేత్తూరు మనిషి, యాభై ఆరేళ్లు, ముగ్గురు మనవళ్లు. అతని పొట్ట ముందు, వెనక బొమ్మి, ఇద్దరి మధ్యా దిండంత శాంపిల్ మూట. ఈ సరసానికి మా వీథి వాళ్లు కళ్లు పెద్దవి చేసి చూశారు.

మొదట చూసింది పూలు కట్టే అముదా. "ఏమక్కా శంకరీ, మీ కోడలికి ఇప్పుడు బస్సు పట్టదా?" అని అడిగింది. అంతే. చేతిలో దారం తెగకుండా ఆ మాట ఇంటింటికీ కట్టింది. నెల తిరిగేసరికి మూడు శుక్రవారాలు ముప్పై అయ్యాయి.

ఒక పొద్దున గోడకవతల శంకరి గొంతు వినబడింది.

"కాలు నొప్పా, ఇంకేమైనా నొప్పా? ఇరవై ఏళ్లలో రాని జబ్బు ఇప్పుడెట్ల వచ్చినాది?"

"అత్తా, చీటీ ఉండాది, డాక్టరును అడుగు."

"నేనెవురినీ అడగను. అమ్మవారిని అడుగుతాను. పంగుణి నెల పండక్కి కాప్పు కట్టుకో. పూక్కుళి దిగు. తప్పు లేనిదానివైతే దిగేదానికి నొప్పేమి?"

బొమ్మి మొగుణ్ని అడిగింది. "నువ్వన్నా చెప్పయ్యా. నాతో ఒక శుక్రవారం వచ్చినావా, ఆ డాక్టరమ్మ ఏమి చెప్తాదో విన్నావా?"

మాధవన్ చొక్కా గుండీ పెట్టుకుంటూ అన్నాడట: "అమ్మ చెప్తా ఉండాది గదా. ఒకసారి దిగేస్తే పోతాది."

కాప్పు అంటే మణికట్టుకు పసుపుదారం. కట్టుకున్నాక పది రోజులు చెప్పులు తొడగకూడదు. పది రోజులూ ఒంటిపూట తిని, చివరి రోజు నిప్పులు తొక్కాలి. తప్పు చేయని కాలికి ఆ నిప్పు చల్లగా ఉంటుందని మా వాళ్లు నమ్ముతారు. నేనూ రెండుసార్లు దిగినదాన్నే. కాలలేదు. అప్పుడు నా అరికాలు ఎద్దు డెక్కలా ఉండేదని ఇప్పుడు తోస్తోంది.

కాప్పు కట్టే ముందు శుక్రవారం నేను వెంట వెళ్లాను, బండి మాట రాకుండా. బొమ్మి బెరుకుగా అడిగింది:

"మేడం, ఈ కాలితో పూక్కుళి దిగొచ్చునా?"

డాక్టరు కాలు వెనక్కి తిప్పి నాకు చూపించింది. పులిపిర్లు సగం తగ్గాయి, నిజమే. కానీ ఆ చోట తోలు మందం పోయి, పుట్టిన పిల్ల బుగ్గలా ఎర్రగా, లేతగా ఉంది. "ఈ తోలుతో వేడినేల తొక్కినా బొబ్బలెక్కుతాయి. నిప్పులా? వచ్చే ఏడు దిగు తల్లీ. అమ్మవారు ఎక్కడికీ పోదు," అంది. కాగితం మీద రాసి ఇచ్చింది కూడా.

ఆ కాగితం నేనే శంకరి చేతికి ఇచ్చాను. మడతైనా విప్పలేదు.

"నీకేమక్కా ఇంత పట్టుదల? మా ఇంటి పరువు, మేము చూసుకుంటాము."

"పరువు అరికాల్లో ఉంటాదా శంకరీ? పుండు కాలితో నిప్పు దిగితే ఎవరికైనా కాలతాది. నీకైనా, నాకైనా."

"అమ్మ కాలనిస్తే గదా."

వ్రతంలో ఇంగ్లీషు మందేమిటని ఆ సీసా, ప్లాస్టరు చుట్ట రెండూ శంకరి అటక మీదికి విసిరింది. పది రోజులు బొమ్మి ఆ లేత తోలుతో తారురోడ్డు మీద వట్టికాళ్లతో తిరిగింది. రోజూ గుడికి, మళ్లీ ఇంటికి.

ఐదో రోజు నీళ్ల కొళాయి దగ్గర పట్టుకున్నాను. "మంసాపురం పో. మీ అమ్మకు ఒళ్లు బాగాలేదని చెప్పి పో. నేను బస్సెక్కిస్తాను."

"పోతే, పారిపోయినాది అంటారు."

"అననీ."

"నీకేమి పెద్దమ్మా, నువ్వు నోరున్నదానివి. నన్ను ఇంట్లో ఉండనిస్తారా?" బిందె చంకనెత్తుకుంది. "నేను తప్పు చేయలేదు. అమ్మకు తెలుసు. నాకు కాలదు."

అదీ సంగతి. ఆమె బలవంతాన దిగలేదు. నమ్మి దిగింది.

ఆ సాయంత్రం ఎండ ఇంకా గోడల మీద ఉంది. నూటికి పైగా జనం పసుపుబట్టల్లో వరస కట్టారు. నిప్పులు మూరెడు వెడల్పు చెక్కలతో చదును చేశారు. శంకరి ముందువరసలో నిలబడింది, మాధవన్ ఆమె వెనక. బొమ్మి వేపాకు చేతపట్టుకుని దిగింది. ఒకటి, రెండు, మూడు అడుగులు. నాలుగో అడుగుకు ఆమె ఒళ్లు ఒక పక్కకు తూగింది, కుడికాలు తీయడం కాస్త ఆలస్యమైంది. మిగిలినవి పరుగుతో దాటింది. అవతల పాలు పోసిన గుంటలో కాలు పెట్టి, అక్కడే కూలబడింది. బొటనవేలి కింద ఉన్న చోటంతా తోలు లేచి వేలాడుతోంది.

చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కొక్క అడుగు వెనక్కి జరిగారు, అంతే. ఆమె చుట్టూ ఒక చాప పరిచినంత ఖాళీ ఏర్పడింది. గుడి పెద్ద లక్ష్మణ కొంచెం మంచివాడు, "కుంకుమ పెట్టండమ్మా, ఆటో పిలవండి," అన్నాడు. శంకరి తలకొంగు సర్దుకుని, "అమ్మ చూపించేసినాది," అంది. అముదా బుగ్గ నొక్కుకుంది.

అప్పుడు నేను ఊరుకోలేదు.

"తప్పు చేస్తే రెండు కాళ్లూ కాలాల గదే! ఎడమకాలు చూడండి, పువ్వులా ఉండాది. ఏమే అముదా, కుడికాలు ఒక్కటే ఆరోక్కియరాజ్ బండి ఎక్కినాదా? ఎడమకాలు ఇంట్లోనే ఉన్నాదా?"

ఇద్దరు ముగ్గురు ఫక్కుమన్నారు. ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు అయిపోయాక మళ్లీ అందరి ముఖాలూ ముందులాగే అయ్యాయి. నేను చెప్పింది నిజమని వాళ్లకు తెలుసు. నిజం ఒక నవ్వుకు పనికివచ్చింది, అంతకంటే దేనికీ పనికి రాలేదు.

ఆస్పత్రిలో నర్సు కట్టు కడుతుంటే బొమ్మి ఆ గుడ్డ అంచు వేళ్ల మధ్య పట్టి చూసింది. "సరిగ్గా ఉతకలేదు. మందు వాసన పోలేదు," అంది. ఆ పైన నా చెయ్యి పట్టుకుంది.

"పెద్దమ్మా, నేనేమి తప్పు చేసినాను? చిన్నప్పటినుంచీ చేసినవన్నీ ఆలోచిస్తా ఉండాను. మంసాపురంలో ఒకసారి పక్కచేలో గుమ్మడికాయ కోసినాను. అదా?"

కాలినందుకు నాకు కోపం వచ్చింది. ఈ మాటకు అంతకంటే ఎక్కువ వచ్చింది. వీథి నమ్మితే నమ్మనీ. ఇప్పుడు బొమ్మే నమ్మడానికి కూర్చుంది. నేను డాక్టరును పిలుచుకొచ్చాను. ఆ పిల్ల రెండు అరికాళ్లూ పక్కపక్కన పెట్టించి, అద్దం పట్టి బొమ్మికే చూపించింది. మందుతో పలచబడిన చోటు ఎంత ఉందో కాలినచోటు అంతే ఉంది, గీత గీసినట్టు. "చూసుకో. నిప్పు నీ గుణం చూడలేదు. నీ తోలు చూసినాది," అంది. బొమ్మి ఆ అద్దాన్ని చాలాసేపు వదల్లేదు.

గాయం మానడానికి రెండు నెలలు. మానిన అంచున మళ్లీ మూడు పులిపిర్లు. కాలితే పోతుందని ఎవరైనా అంటే నమ్మకండి, పోలేదు. మళ్లీ మొదటినుంచీ గోరువెచ్చని నీళ్లు, రాయి, చుక్కమందు. ఇంకో ఎనిమిది నెలలు. షెడ్డులో ఆరోక్కియరాజ్ ఆమె వైపు చూడడం మానేశాడు. అతని ఇంట్లోనూ ఎవరో ఈ మాట చెవిలో ఊదారట. ఆమె ఆస్పత్రికి నడిచిపోయేది, నడిచివచ్చేది. ఇంట్లో పడక వసారాలోకి మారింది. కంచం వేరు, లోటా వేరు. ఇది అంటు కోసం అని శంకరి అందరికీ చెప్పేది. డాక్టరు నీళ్ల గదిలో చెప్పులు వేసుకోమన్నది, కంచం వేరు చేయమనలేదు.

కాలు పూర్తిగా బాగైంది. గీతలు మళ్లీ తిన్నగా వచ్చాయని డాక్టరు చెప్పిన వారానికే పంగుణి వచ్చింది.

శంకరి ఈసారి మెత్తగా మొదలుపెట్టింది. గోడకివతల నాకు అంతా వినబడింది.

"బొమ్మీ, ఈసారి కూడా దిగు. కాలు బాగుండాది గదా. కాలకపోతే పోయిన ఏటి మాట పోతాది. అమ్మ మన్నించినాదంటారు."

"దిగుతాను," అంది బొమ్మి. గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగింది. "నీ కొడుకును నాతో దిగమను."

మాధవన్ అన్నం తింటున్నాడు. ఆ రోజు అతని నోట్లోంచి ఎప్పుడూ రానన్ని మాటలు వచ్చాయి. "నాకేమిటికి? నన్నెవురేమన్నారు? నాకు షుగరుండాది. కాలు కాలితే మానదు. డాక్టరు చెప్పినాడు."

"అవును, వాడికి షుగరు," అంది శంకరి. "డాక్టరు వద్దన్నాడు గదా. వాడెట్ల దిగతాడు?"

గిన్నెల చప్పుడు మళ్లీ మొదలైంది, అన్నీ తోమేదాకా ఆగలేదు.

మరుసటి పొద్దున రెండు సంచులతో బయటికి వచ్చింది. షెడ్డు దగ్గర ఒక గది చూసుకుందట. శంకరి గడపలో కూర్చుని వీథంతా వినేట్టు ఏడ్చింది. మాధవన్ లోపలే నిలబడ్డాడు. నేను ఒక సంచి పట్టుకుని బస్సు దాకా వెళ్లాను. దారిలో బొమ్మి కుంటలేదు. రబ్బరు చెప్పులు టపటపమని మోగుతున్నాయి. కిటికీల్లోంచి చూసేవాళ్లు చూశారు.

బస్సు ఎక్కి, మెట్టు మీద నుంచి వెనక్కి తిరిగింది.

"పెద్దమ్మా, అన్నం వార్చి పెట్టినాను. కూర చేయలేదు. ఆయనకు కొంచెం పంపించు."

"పంపించను," అన్నాను.

"సరి," అంది.

బస్సు కదిలింది. నేను పంపించలేదు.